నీచ చంద్రుడంటే బలహీనమైన మనసా? జాతకంలో చంద్రుడు, ఆకాశంలో చంద్రుడు

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెబుతాను, ఎక్కడైనా తప్పుంటే సరిచేయండి. మీకు 28 ఏళ్లు. డిసెంబరు నెలలో, బహుళ చతుర్దశి నాడు, తెల్లవారుజామున పుట్టారు. జాతకంలో చంద్రుడు వృశ్చికంలో ఉన్నాడు. అది చూసిన జ్యోతిష్కుడు "క్షీణ చంద్రుడు, పైగా నీచ. మనసు జీవితాంతం నిలకడగా ఉండదు" అన్నారు. మన ఒంట్లో చాలావరకు నీరే కాబట్టి సముద్రాన్ని లాగే చంద్రుడు మనసునూ లాగుతాడని వివరించారు కూడా. మీ అన్నయ్య మాత్రం చంద్రుడు ఒట్టి రాయి అని ఒక్క మాటలో తేల్చేశారు. ఇది చాలదన్నట్టు ఒక యాప్‌లో విశాఖ నాలుగో పాదం, ఇంకో యాప్‌లో అనురాధ మొదటి పాదం వస్తున్నాయి. ఆ మాట విన్నప్పటి నుంచి అమావాస్య దగ్గర పడుతుంటే టెన్షన్, నిద్ర పట్టడం లేదు. ఇందులో ఎవరి మాట నిజమని అడిగారు.

నేను ముప్పై ఏళ్లకు పైగా పంచాంగ గణితం చేస్తున్నాను, నేర్పుతున్నాను. దూరదర్శినితో ఆకాశం చూడటం అంతకంటే పాత అలవాటు. ఈ రెండూ కలిసి నాకు నేర్పింది ఒకటే. జ్యోతిషంలో చంద్రుడి గురించి ఉన్న మాటలు చాలావరకు, ఎవరో కళ్లతో ఆకాశాన్ని చూసి పెట్టినవి. ఏ మాట వెనక ఏం చూశారో తెలిస్తే భయం దానంతటదే తగ్గుతుంది. తెలియకపోతే అదే మాట శాపంలా వినిపిస్తుంది. మీ విషయంలో జరిగింది ఇదే అనిపిస్తోంది. అందుకే కొంచెం ఓపికగా రాస్తున్నాను.

మనసుతో మొదలుపెడదాం. చంద్రుణ్ణి మనఃకారకుడు, అంటే మనసును సూచించే గ్రహం అంటారు. దీని మూలం పురుషసూక్తంలోని "చంద్రమా మనసో జాతః" అన్న మాట. అంటే విరాట్ పురుషుడి మనసు నుంచి చంద్రుడు పుట్టాడని. గమనించారా, మనసు నుంచి చంద్రుడు పుట్టాడన్నారు గానీ, చంద్రుడు మనసును ఆడిస్తాడని అక్కడ లేదు. తర్వాతి జ్యోతిష గ్రంథాలు ఈ పోలికను తీసుకుని కారకత్వంగా మార్చాయి. మనసుకు పోలికగా చంద్రుడే ఎందుకు సరిపోయాడో అర్థం కావాలంటే ఒక నెల రోజులు రాత్రిపూట పైకి చూస్తే చాలు. తొమ్మిది గ్రహాల్లో ఇంత వేగంగా కదిలేది ఇంకొకటి లేదు. శని ఒక రాశి దాటడానికి దాదాపు రెండున్నరేళ్లు తీసుకుంటే, చంద్రుడు రెండుంబావు రోజుల్లో దాటేస్తాడు. రోజుకు సగటున 13 డిగ్రీల 10 కళలు నడుస్తాడు (డిగ్రీలో 60వ వంతు ఒక కళ). అదీ ఒకే వేగంతో కాదు, ఒక్కోరోజు 12 డిగ్రీల లోపు, ఒక్కోరోజు 15 డిగ్రీల పైన. రూపం కూడా ఒక రాత్రి ఉన్నట్టు మరో రాత్రి ఉండదు. ఉదయించే వేళ సగటున రోజుకు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. క్షణం నిలవని మనసుకు ఆకాశంలో దొరికే గుర్తు ఇదొక్కటే. ఇంత అందమైన పోలికను నేను గౌరవిస్తాను. కానీ పోలిక పోలికే. "ఆమె ముఖం చంద్రబింబంలా ఉంది" అని విన్నవాళ్లెవరూ ఆ ముఖం మీద గుంటలు వెతకరు కదా.

నక్షత్రాలు 27 కావడానికి కారణం కూడా చంద్రుడి నడకే. ఒక నక్షత్రం దగ్గర బయలుదేరిన చంద్రుడు మళ్లీ అక్కడికి రావడానికి 27.32 రోజులు పడుతుంది. రోజుకో మజిలీ చొప్పున వృత్తాన్ని 27 భాగాలు చేశారు. ఒక్కోటి 13 డిగ్రీల 20 కళలు. చంద్రుడి సగటు రోజు నడకకు ఇది ఎంత దగ్గరో చూడండి. అయితే ఈ 27 రోజుల్లో సూర్యుడు కూడా కొంత ముందుకు జరిగి ఉంటాడు కాబట్టి, పున్నమి నుంచి పున్నమికి ఇంకో రెండు రోజులు ఎక్కువై 29.53 రోజులవుతుంది. నక్షత్రం మొదటి లెక్క, తిథి రెండో లెక్క. సూర్యుడి నుంచి చంద్రుడు 12 డిగ్రీలు ఎడం జరిగితే ఒక తిథి. చైత్రం, వైశాఖం, జ్యేష్ఠం అనే నెలల పేర్లు కూడా ఆ నెల పున్నమి చంద్రుడు చిత్త, విశాఖ, జ్యేష్ఠ నక్షత్రాల దగ్గర కనిపించడం వల్ల వచ్చినవే. ఇవేవీ నమ్మకానికి సంబంధించినవి కావు. ఎవరు చూసినా కనిపించేవి, ఎవరు లెక్కేసినా వచ్చేవి.

రోహిణి కథ మీకు తెలిసే ఉంటుంది. 27 మంది భార్యల్లో చంద్రుడికి రోహిణి మీదే ప్రేమ ఎక్కువైందని, దక్షుడు క్షయించమని శపించాడని. ఆకాశంలో రోహిణి ఎర్రగా మెరిసే పెద్ద నక్షత్రం. చంద్రుడి దారికి అంచున ఉంటుంది. కొన్నేళ్లపాటు నెలనెలా దాన్ని చంద్రుడు నిజంగానే కప్పేస్తాడు. 2015 నుంచి 2018 వరకు అలాగే జరిగింది. తర్వాత చాలా ఏళ్లు పక్కనుంచి వెళ్లిపోతాడు తప్ప ముట్టుకోడు. నెలలో క్షీణించి మళ్లీ పెరగడం, రోహిణి మీద ప్రత్యేకమైన మక్కువ, ఈ రెంటినీ ఒక కథలో ఇమిడ్చిన మనిషి ఎన్ని రాత్రులు మేలుకుని చూశాడో అనిపిస్తుంది నాకు. జ్యోతిషంలో చంద్రుడి ఉచ్చ స్థానం, అంటే అత్యంత బలంగా ఉంటాడని చెప్పే చోటు, వృషభ రాశి మూడో డిగ్రీ. రోహిణి ఉన్నది కూడా వృషభంలోనే.

ఇక మీ అసలు భయం దగ్గరికి వద్దాం. ఉచ్చకు సరిగ్గా ఎదురుగా, 180 డిగ్రీల దూరంలో ఉన్నది నీచ, అంటే బలం బాగా తక్కువని చెప్పే చోటు. వృశ్చికంలో మూడో డిగ్రీ. చంద్రుడు వృశ్చికంలోకి వచ్చినప్పుడు ఆకాశంలో ఏం జరుగుతుంది? ఏమీ జరగదు. వెలుగు తగ్గదు, దూరం పెరగదు, వేగం మందగించదు. చంద్రుడి కక్ష్య పూర్తి వృత్తం కాదు కాబట్టి భూమికి దూరం నిజంగానే మారుతుంది. సగటు దూరం 3,84,400 కిలోమీటర్లయితే, బాగా దగ్గరికి వచ్చినప్పుడు సుమారు 3,56,500, బాగా దూరమైనప్పుడు 4,06,700 దాకా ఉంటుంది. అయితే ఆ దూరపు బిందువు ఒక రాశిలో స్థిరంగా ఉండదు. అది రాశిచక్రమంతా 8.85 ఏళ్లలో చుట్టివస్తుంది. సిద్ధాంత గ్రంథాల్లో దాన్నే చంద్రోచ్చం అంటారు. చూశారా, "ఉచ్చ" అన్న ఒకే మాటకు గణితంలో ఒక అర్థం, జాతక ఫలాలు చెప్పే ఫలభాగంలో పూర్తిగా వేరే అర్థం. ఈ రెండూ కలిపేసి "నీచలో చంద్రుడు భూమికి దూరమై బలహీనపడతాడు" అని చెప్పేవాళ్లను చాలామందిని చూశాను. అది గణితం తెలియక చెప్పే మాట.

ఇంకో సంగతి. ప్రతి ఏటా మే మధ్య నుంచి జూన్ మధ్య వరకు సూర్యుడు వృషభంలో ఉంటాడు. అప్పుడు వచ్చే పున్నమి చంద్రుడు సూర్యుడికి ఎదురుగా ఉండాలి కాబట్టి వృశ్చికంలోనే ఉంటాడు. అంటే మీకు భయం పుట్టించిన అదే రాశిలో, ఏడాదికొకసారి తప్పకుండా నిండు చంద్రుడు వెలుగుతాడు. శాస్త్రం ప్రకారమే ఆ చంద్రుడికి రాశి వల్ల నీచ, పక్షం వల్ల పూర్ణబలం. ఒక్క లక్షణం పట్టుకుని తీర్పు చెప్పకూడదని జ్యోతిషమే అంటుంది. నీచభంగమని ఒక నియమం కూడా ఉంది. వృశ్చికాధిపతి కుజుడు గానీ, చంద్రుడి ఉచ్చరాశికి అధిపతి అయిన శుక్రుడు గానీ, లగ్నం నుంచో చంద్రుడి నుంచో కేంద్రంలో (1, 4, 7, 10 స్థానాల్లో) ఉంటే నీచ దోషం పోతుందంటారు. మీరు రాసిన దాన్ని బట్టి ఆ జ్యోతిష్కుడు ఇవేవీ చూసినట్టు లేదు. తన శాస్త్రాన్నే సగం చదివి, 28 ఏళ్ల అమ్మాయికి "జీవితాంతం" అన్న మాట చెప్పడం నాకు బాధ కలిగించింది. అలా చెప్పకూడదమ్మా. ఎంత అనుభవం ఉన్నవాళ్లయినా సరే.

క్షీణ చంద్రుడన్న మాటకు వస్తే, దాని వెనక నిజంగానే చూపు ఉంది. పక్షబలమంటే మౌలికంగా వెలుగు లెక్క. పున్నమికి చుట్టుపక్కల బలం, అమావాస్యకు చుట్టుపక్కల బలహీనత. ఇందులో ఒక చక్కని విషయం ఉంది. అష్టమి నాటి సగం చంద్రుడి వెలుగు, పున్నమి వెలుగులో సగం ఉంటుందని అందరూ అనుకుంటారు. నిజానికి పదో వంతు దగ్గరే ఉంటుంది. చంద్రుడి నేలంతా గుంటలు, గరుకు ధూళి. ఎండ పక్కనుంచి పడినప్పుడు ప్రతి గుంటా, ప్రతి రేణువూ నీడ పరుస్తాయి. పున్నమి రోజు ఎండ మన వెనకనుంచి నేరుగా పడుతుంది కాబట్టి నీడలు కనిపించవు, బింబం ఒక్కసారిగా మెరుస్తుంది. వెన్నెల్లో నడిచి పని చేసుకున్న కాలంలో ఈ తేడా ఎవరి కళ్లకైనా తెలిసేది. పక్షబలమన్న ఊహ అలాంటి అనుభవం నుంచి వచ్చిందనే నా నమ్మకం.

మీరు పుట్టిన రోజు తెల్లవారుజామున చంద్రుడు ఎలా ఉన్నాడో లెక్కేసి చెప్పగలను. సూర్యుడికి 20 డిగ్రీల వెనక, తూర్పున, పొద్దు పొడవడానికి గంటకు పైగా ముందే లేచి ఉంటాడు. బింబంలో సుమారు 3 శాతం మాత్రమే ఎండ పడే భాగం, సన్నని వెండి తీగలా. మిగతా గుండ్రని భాగం కూడా బూడిద నీలపు కాంతితో లీలగా కనిపిస్తుంది. అది భూమి నుంచి పడిన వెలుగు. ఆ సమయంలో చంద్రుడి మీద నిలబడి చూస్తే భూమి దాదాపు నిండుగా, మన పున్నమి చంద్రుడి కంటే ఎన్నో రెట్లు ప్రకాశంగా ఉంటుంది. నేను చూసిన ఆకాశ దృశ్యాల్లో అత్యంత ఇష్టమైనది ఈ చతుర్దశి వేకువ చంద్రుడే. ఎవరో మీకు దాన్ని "క్షీణం" అని మాత్రమే చూపించారు. ఆ రోజు చంద్రుడు ఒక్క రేణువు కూడా తగ్గలేదు. మనకు కనిపించే ఎండ భాగమే తగ్గింది.

ఇప్పుడు నీటి వాదన. ఇది వినడానికి శాస్త్రీయంగా ఉంటుంది కాబట్టి చదువుకున్నవాళ్లు కూడా నమ్ముతారు. ఆటుపోట్లు ఎందుకొస్తాయి? చంద్రుడు సముద్రాన్ని లాగడం వల్ల అన్నది సగం జవాబు. భూమికి చంద్రుడి వైపున్న ముఖం దగ్గర, అవతలి ముఖం దూరం. ఈ రెంటి మధ్య 12,700 కిలోమీటర్లకు పైగా తేడా ఉంది. దగ్గరి వైపు లాగుడు ఎక్కువ, దూరపు వైపు తక్కువ. ఆ తేడా వల్ల భూమికి రెండు వైపులా నీరు ఉబ్బుతుంది. అందుకే చాలా తీరాల్లో పోటు రోజుకు రెండుసార్లు, సుమారు 12 గంటల 25 నిమిషాలకొకసారి వస్తుంది. కాబట్టి పోటుకు కావలసింది నీరు ఉండటం ఒక్కటే కాదు, ఆ నీరు వేల కిలోమీటర్లు పరచుకుని ఉండటం. చిన్న చెరువులో ఆటుపోట్లు కనిపించవు. ఇక మనిషి పొడవు రెండు మీటర్ల లోపు. తలకూ కాలికీ మధ్య చంద్రుడి లాగుడులో వచ్చే తేడా, భూమి మనల్ని లాగే బలాన్ని దాదాపు 30 లక్షల కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం. మీరు కుర్చీలోంచి లేచి నిలబడినప్పుడు ఒంట్లో రక్తం మీద పడే మార్పు ముందు అది లెక్కలోకే రాదు.

అదే వాదనలో ఇంకో చిక్కు కూడా ఉంది. సూర్యుడు, చంద్రుడు, భూమి ఒకే వరుసలో ఉన్నప్పుడు పెద్ద పోటు వస్తుంది. అది పున్నమికీ వస్తుంది, అమావాస్యకూ వస్తుంది. అష్టమి నాడు చిన్న పోటు. చంద్రుడి మీద ఎండ పడుతోందా లేదా అన్నదానితో ఆకర్షణకు సంబంధమే లేదు. మరి పోటు లెక్కన మనసు ఊగేదైతే పూర్ణ చంద్రుడూ క్షీణ చంద్రుడూ ఒకే ఫలం ఇవ్వాలి. జ్యోతిషం అలా చెప్పదు. కాబట్టి ఆటుపోట్ల వాదన జ్యోతిషానికి సాయం చేయకపోగా దాని మాటనే కొట్టేస్తుంది. ఇలాంటిదే ఇంకొకటి. 2008లో బయలుదేరిన చంద్రయాన్-1 పరికరాలు చంద్రుడి మీద నీటి ఆనవాళ్లు కనుక్కున్నప్పుడు, "మనవాళ్లు చంద్రుణ్ణి జలగ్రహమని ఎప్పుడో చెప్పారు" అని చాలామంది ఆనందపడ్డారు. అక్కడ దొరికింది మట్టి రేణువులకు అంటుకున్న తడి జాడలు, ధ్రువాల దగ్గర ఎండ ఎప్పుడూ పడని గుంటల్లో మంచు. జలతత్త్వమన్నది వెన్నెల చల్లదనం నుంచి, ఆటుపోట్ల నుంచి వచ్చిన ఊహ. రెండూ వేర్వేరు విషయాలు. ఒకదానికి ఇంకొకటి రుజువుగా చూపిస్తే రెంటికీ అన్యాయమే.

మీ అన్నయ్య మాటకూ జవాబివ్వాలి. రాయి అన్నది తప్పు కాదు. 3,474 కిలోమీటర్ల వ్యాసమున్న రాతి గోళం, బరువులో భూమికి 81వ వంతు. సుమారు 450 కోట్ల ఏళ్ల కిందట, అంగారకుడంత పరిమాణమున్న ఒక గోళం భూమిని ఢీకొట్టినప్పుడు ఎగిరిన శకలాలతో ఏర్పడిందని ఇప్పుడు ఎక్కువమంది శాస్త్రవేత్తలు అంగీకరిస్తున్నారు. అంత తెల్లగా కనిపించే దాని నేల నిజానికి పాతబడ్డ తారు రోడ్డంత నలుపు. పడిన ఎండలో సుమారు 12 శాతమే వెనక్కి పంపుతుంది. నల్లని ఆకాశం నేపథ్యంలో ఉంది కాబట్టి మనకు వెండిలా కనిపిస్తుంది. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగినచోట పరికరాన్ని మట్టిలోకి దించితే, పైన 50 డిగ్రీలకు మించిన వేడి, 8 సెంటీమీటర్ల లోతుకే సున్నాకు 10 డిగ్రీలు కింద. "ఒట్టి రాయి" అంటే ఇవన్నీ మాయమైపోతాయి. అన్నయ్యకు ఇంకొకటి చెప్పండి. అపోలో యాత్రికులు అక్కడ అద్దాలు పెట్టి వచ్చారు. వాటి మీదికి లేజర్ కాంతి పంపి, తిరిగి వచ్చే సమయం కొలిస్తే చంద్రుడు ఏటా 3.8 సెంటీమీటర్లు దూరమవుతున్నాడని తేలింది. సముద్రంలో పోట్లు లేపే ఆ రాయే భూమి తిరుగుడును కూడా నెమ్మది చేస్తోంది.

రాహుకేతువుల గురించి మీరు అడగలేదు గానీ, మన సంప్రదాయం తనను తాను ఎలా సరిచేసుకుందో చెప్పడానికి అంతకంటే మంచి ఉదాహరణ లేదు. చంద్రుడి కక్ష్య సూర్యుడి దారికి 5 డిగ్రీల చిల్లర వంగి ఉంటుంది. ఆ రెండు దార్లూ ఖండించుకునే రెండు బిందువులే రాహువు, కేతువు. అవి వెనక్కి నడుస్తూ 18.6 ఏళ్లలో చక్రం పూర్తిచేస్తాయి. పున్నమి గానీ అమావాస్య గానీ ఆ బిందువుల దగ్గర పడితేనే గ్రహణం. చంద్రుడు, గ్రహాలు సూర్యుడి వెలుగుతోనే ప్రకాశిస్తాయని, గ్రహణాలు నీడల వల్ల వస్తాయని ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటికే రాశాడు. అతను గణితజ్ఞుడు, సరే. తర్వాతి శతాబ్దంలో వరాహమిహిరుడు ఫలజ్యోతిషానికి పెద్దదిక్కు. ఆయన కూడా బృహత్సంహితలో చంద్రగ్రహణంలో చంద్రుడు భూమి నీడలోకి ప్రవేశిస్తాడని, దానికి రాహువు కారణం కాదని స్పష్టంగా చెప్పాడు. 2025 సెప్టెంబరు 7 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం మీరూ చూసి ఉంటారు. 11 గంటలకు బింబమంతా ఎర్రబడటం మొదలుపెట్టి 82 నిమిషాలు అలాగే ఉంది. గడియారం చేతిలో పెట్టుకుని చూశాను, లెక్క చెప్పిన నిమిషానికి నీడ తాకింది. ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

తిథుల లెక్క కూడా ఇలాగే సరిచేసుకుంటూ వచ్చింది. పాత పద్ధతిలో "బాణ వృద్ధి, రస క్షయం" అనేవారు. తిథి 60 ఘడియల కంటే ఎక్కువంటే 5 పెరుగుతుంది, తక్కువంటే 6 తగ్గుతుందని. ఒక ఘడియ 24 నిమిషాలు. నిజంగా ఆకాశంలో కొలిస్తే తిథి 20 గంటల నుంచి దాదాపు 27 గంటల దాకా మారుతుంది. ఈ తేడా ఎందుకంటే, పాత సూత్రాలు గ్రహణాలకు సరిపడేలా కూర్చినవి. అందుకే పున్నమి, అమావాస్యల దగ్గర బాగానే వస్తాయి, అష్టమి దగ్గరికి వచ్చేసరికి కొన్ని గంటలు తప్పుతాయి. సూర్యుడి ఆకర్షణ చంద్రుడి నడకను అటూ ఇటూ లాగడమే అసలు కారణం. ఒడిశాకు చెందిన పఠాణి సామంత చంద్రశేఖరుడు (1835–1904) దూరదర్శిని లేకుండా, తాను స్వయంగా చేసుకున్న వెదురు, కర్ర పరికరాలతో ఈ సవరణలు కనుక్కున్నాడు. దృక్సిద్ధమంటే అర్థం అదే, కంటికి సరిపోవాలి. గణిత భాగం పదిహేను వందల ఏళ్లుగా తప్పు దొరికినప్పుడల్లా దిద్దుకుంది.

మీ విశాఖ, అనురాధల గొడవ కూడా ఇందులోదే. అనురాధ వృశ్చికంలో 3 డిగ్రీల 20 కళల దగ్గర మొదలవుతుంది. మీ చంద్రుడు సరిగ్గా ఆ గీత మీద ఉన్నాడు. రాశిచక్రాన్ని ఎక్కడ మొదలుపెట్టాలన్న దాన్ని అయనాంశ అంటారు. లాహిరి అయనాంశకు, కృష్ణమూర్తి అయనాంశకు సుమారు 6 కళల తేడా ఉంది. ఒక యాప్ ఒకటి, ఇంకో యాప్ ఇంకొకటి వాడుతున్నట్టుంది. సెట్టింగుల్లో చూడండి. పైగా చంద్రుడు 6 కళలు నడవడానికి 11 నిమిషాలే పడుతుంది. పుట్టిన సమయం రాసుకున్నవాళ్లు అంత కచ్చితంగా రాసి ఉంటారా? దశ అంటే జీవితంలో ఒక్కో గ్రహానికి కేటాయించిన కాలం. విశాఖ అయితే గురు దశలో చివరి రోజులు మిగిలి, ఆ వెంటనే శని దశ. అనురాధ అయితే నేరుగా శని దశ మొదలు. దశలు తారుమారేమీ కావు, మొత్తం పట్టిక ఒకటి రెండు నెలలు జరుగుతుంది, అంతే. రెండు యాప్‌లలోనూ రాశి వృశ్చికమే. ఈ విషయంలో టెన్షన్ అవసరం లేదు. పాశ్చాత్య పద్ధతిలో సూర్యుడున్న రాశిని చూస్తారు, అక్కడ మీది ధనుస్సు అవుతుంది. పత్రికల్లో పుట్టిన తేదీల వారీగా వచ్చే ఫలాలు ఆ లెక్కవి.

మరి ఫలభాగాన్ని ఎవరైనా పరీక్షించారా? పరీక్షించారు. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లికర్ బృందం మహారాష్ట్రలో 200 మంది పిల్లల జాతకాలు సేకరించింది. సగం మంది చదువులో బాగా రాణించినవాళ్లు, సగం మంది బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లు. 27 మంది జ్యోతిష్కులకు ఒక్కొక్కరికి 40 జాతకాలిచ్చి ఏది ఏ వర్గమో చెప్పమన్నారు. 2009లో ఫలితం ప్రచురించారు. సరైన జవాబులు సగటున 46 శాతం. నాణెం ఎగరేసి చెప్పినా 50 వస్తాయి. ఈ ఫలితం చదివిన రోజు నాకు సులభంగా మింగుడు పడలేదు, ఒప్పుకుంటాను. ఎన్నో ఏళ్లు ఈ భాష నేర్చుకున్నవాణ్ణి. కానీ అంకెలను కాదనడం గణితం చేసేవాడికి తగదు. అప్పటి నుంచి జాతకం చూసి "మీకు ఇలా జరుగుతుంది" అని చెప్పడం మానేశాను. పక్షం, రాశి, నక్షత్రం పోలికలుగా మనిషి తనను తాను ఆలోచించుకోవడానికి పనికొస్తే మంచిదే. వాటితో ఒకరి మనసుకు రోగనిర్ధారణ చేయకూడదు.

చంద్రుడికీ నిద్రకూ సంబంధం ఉందా అంటే అక్కడ కొంత ఆసక్తికరమైన పరిశోధన ఉంది. 2013లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో ప్రయోగశాలలో పడుకున్న 33 మంది రికార్డులు చూస్తే, పున్నమి దగ్గర నిద్ర సగటున 20 నిమిషాలు తగ్గినట్టు కనిపించింది. 2014లో 470 మంది రికార్డులు చూసిన మరో బృందానికి ఆ తేడా కనిపించలేదు. 2021లో అర్జెంటీనాలోని తోబా తెగవాళ్ల మీద చేసిన అధ్యయనంలో, పున్నమికి ముందు రాత్రుల్లో ఆలస్యంగా పడుకుని తక్కువ నిద్రపోతున్నారని తేలింది. ఆ రోజుల్లో సాయంత్రం నుంచే వెన్నెల ఉంటుంది మరి. ఉన్నదేదో ఉంటే ఇంత చిన్నది, అదీ పున్నమి వైపు. మీరు భయపడుతున్నది అమావాస్యకు.

అందుకే మీ నిద్రలేమికి కారణం చంద్రుడి కంటే ఆ మాటే అని నా అభిప్రాయం. "అమావాస్యకు మనసు బాగుండదు" అని ఒకసారి మనసులో నాటుకుంటే, ఆ రోజు వచ్చిన చిన్న చికాకు కూడా గుర్తుండిపోతుంది. సప్తమి నాడు వచ్చిన పెద్ద చికాకు మర్చిపోతాం. దీన్ని మీరే పరీక్షించుకోవచ్చు. మూడు నెలలు రోజూ పడుకునే ముందు ఆ రోజు మనసు ఎలా ఉందో ఒకటి నుంచి పది దాకా ఒక అంకె వేయండి, ఎన్ని గంటలు నిద్రపోయారో రాయండి. తిథి రాయకండి, ఆ మూడు నెలలు క్యాలెండర్‌లో తిథుల వైపు చూడకండి. చివర్లో తిథులు పక్కన రాసుకుని పోల్చండి. నా దగ్గర నేర్చుకున్న కొందరితో ఇది చేయించాను. ముందు చెప్పిన రోజులకూ తర్వాత దొరికిన రోజులకూ పొంతన కుదిరిన వాళ్లు నాకు తగల్లేదు. మీకు కుదిరితే ఆ కాగితం నాకు చూపండి, మనస్ఫూర్తిగా పరిశీలిస్తాను.

ఒక్కటి మాత్రం వాయిదా వేయకండి. నిద్ర పట్టకపోవడం, దిగులు రెండు వారాలకు మించి ఉంటే, దేని మీదా ఆసక్తి లేకపోతే, మానసిక వైద్యుల్ని కలవండి. ముత్యం పెట్టుకోవాలా అని కూడా అడిగారు. ఇష్టంగా ఉంటే పెట్టుకోండి, వైద్యానికి బదులుగా మాత్రం వద్దు. భయపెట్టి అమ్మేవాళ్ల దగ్గర అసలు వద్దు.

అమ్మా, ఇంకో చిన్న పని చెబుతాను. మే, జూన్ నెలల్లో చీకటి పడ్డాక ఆగ్నేయం వైపు చూడండి. ఎర్రగా మెరిసే జ్యేష్ఠ కనిపిస్తుంది. దానికి కాస్త పైన, కుడివైపు, కొంచెం వంపుగా నిలువు వరుసలో మూడు నక్షత్రాలుంటాయి. అదే అనురాధ. చంద్రుడు 27 రోజులకొకసారి ఆ మూడింటి పక్కనుంచి వెళ్తాడు, ఆ నెలల్లో అయితే దాదాపు నిండుగా. ఆ రాత్రి కాసేపు బయట నిలబడి చూసి, మీకేమనిపించిందో ఇక్కడ రాయండి.